రెండో బంతి వాళ్ళు

మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడున్నాడు. వెనక బెంచీ. మామూలుగా నోరు విప్పడు. విప్పాడంటే మాత్రం మాస్టారు ఆ రాత్రి పుస్తకాలు తిరగెయ్యాల్సిందే. ఆ మధ్య ఆహారంలోని పోషకాల గురించి చెబుతున్నాను. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు అయ్యాయి. పీచు గురించి రెండు ముక్కలు చెప్పి పాఠం ముగించబోతుంటే వాడు లేచి నిలబడ్డాడు.

“మాస్టారూ, పీచు మనకి అరగదన్నారు కదండీ. అరగని దాన్ని తినడం ఎందుకండీ?”

“మలబద్ధకం రాకుండా ఉండడానికిరా” అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్నకి నేను చెబుతున్న జవాబు అదే.

“అంటే కడుపులో తిరిగే చీపురన్నమాట” అని కూర్చున్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కాని ఆ రోజు నా చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. నా రక్తపరీక్ష కాగితం. పరగడుపున చక్కెర హద్దు దాటడానికి సిద్ధంగా ఉంది. పొట్ట సంగతి చెప్పడానికి కాగితం అక్కర్లేదు, చొక్కా గుండీలే చెబుతున్నాయి. డాక్టరుగారు అన్నం తగ్గించమన్నారు, నడవమన్నారు, “పీచు బాగా తినండి మాస్టారూ” అన్నారు. ఇంటికి వెళ్తూ దారిలో ఆలోచనలో పడ్డాను. పీచు ఉత్త చీపురే అయితే పేగులు ఊడ్చాలి. రక్తంలో చక్కెరతో దానికేం పని? చీపురు పట్టుకుని ఇల్లు ఊడిస్తే పక్క వీధిలో దుమ్ము తగ్గుతుందా?

నేను చెబుతున్నది సగం జవాబేనని అప్పుడు అర్థమైంది. మిగతా సగం ఇప్పుడు మీకు చెబుతాను.

మీరు పెళ్ళిళ్ళలో బంతి భోజనాలు చూసే ఉంటారు. మొదటి బంతిలో పెళ్ళివారూ పెద్దలూ కూర్చుంటారు. వాళ్ళు లేచాక రెండో బంతి. మొదటి బంతివాళ్ళు గుండిగలు ఖాళీ చేసి లేస్తే రెండో బంతివాళ్ళకి మిగిలేది గరిటె చప్పుడే. మన కడుపులో కూడా రోజూ ఇలాగే రెండు బంతులు లేస్తాయి. మొదటి బంతి చిన్నప్రేగులో. అక్కడ తినేది మనం, అంటే మన సొంత జీవకణాలు. రెండో బంతి పెద్దప్రేగులో. అక్కడ తినేది మనం కాదు. కోటానుకోట్ల బాక్టీరియాలు.

ఎన్ని కోట్లు? 2016లో ఇజ్రాయెల్‌కి చెందిన రాన్ మిలో బృందం జాగ్రత్తగా లెక్క కట్టింది. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలుంటాయని తేలింది. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే ఓట్లు పెడితే మనం ఓడిపోతాం! (మన కణాల కంటే అవి పదిరెట్లు ఎక్కువని పాత పుస్తకాల్లో ఉంటుంది. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. అది ఎవరో ఉజ్జాయింపుగా వేసిన లెక్క. దిద్దుకోండి.) ఇన్ని ఉన్నా అన్నిటినీ కలిపి తూకం వేస్తే పావుకిలోకి లోపే.

ఇక వాళ్ళ విస్తట్లో ఏం పడుతుందో చూద్దాం.

అన్నంలో ఉన్న పిండి పదార్థం అంటే గ్లూకోజు పూసలు గుచ్చిన దండ. దూదిలో, గడ్డిలో, కూరగాయల తొక్కలో ఉండే సెల్యులోజు కూడా గ్లూకోజు పూసల దండే. ఆశ్చర్యంగా లేదూ? పూస అదే, దారం ముడి మాత్రం వేరు. పిండి పదార్థపు ముడి విప్పే ఎంజైమ్ మన లాలాజలంలోనే ఉంది. సెల్యులోజు ముడి విప్పే ఎంజైమ్ మనకి లేనే లేదు. ప్రతి ముడికీ దాని తాళంచెవి ఉండాలి. తిండిలోని పిండి పదార్థాలనూ చక్కెరలనూ విడగొట్టడానికి మనిషి దగ్గరున్న తాళంచెవులు ఇరవైకి లోపు. పెద్దప్రేగులో కాపురముండే ‘బాక్టీరాయిడిస్ థీటాయొటావోమైక్రాన్’ అనే ఒక్క బాక్టీరియా దగ్గరే 260 దాకా ఉన్నాయి. (పేరు నోరు తిరక్కపోతే దిగులు పడకండి. నాకూ వారం పట్టింది.) ఉల్లిపాయలోని ఇన్యులిన్, జామకాయలోని పెక్టిన్, పప్పుల్లోని రాఫినోజ్ వంటి చక్కెరలు మన దగ్గర తాళంచెవి లేక చిన్నప్రేగు దాటిపోతాయి. పెద్దప్రేగులో చెవులగుత్తి పట్టుకుని కూర్చున్న వాళ్ళకి అది విందు.

ఇలా మనకి అరక్కుండా వెళ్ళి, లోపలున్న మంచి బాక్టీరియాలకి మేతగా పనికొచ్చే వాటికి గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయ్ అనే శాస్త్రజ్ఞులు 1995లో ‘ప్రీబయోటిక్’ అని పేరు పెట్టారు. ప్రోబయోటిక్ వేరు, ప్రీబయోటిక్ వేరు. పెరుగులోలాగా బతికున్న సూక్ష్మజీవినే లోపలికి పంపితే అది ప్రోబయోటిక్. లోపల ఉన్నవాళ్ళకి తిండి పంపితే ప్రీబయోటిక్. మొదటిది అతిథిని పిలవడం, రెండోది అన్నం పెట్టడం. అతిథిని పిలిచి పస్తు పెట్టేవాళ్ళు ఎక్కువైపోయారు ఈ రోజుల్లో.

వాళ్ళు వండేది ఏమిటి?

ఇడ్లీపిండి రాత్రి రుబ్బి గిన్నెలో సగానికి పోస్తే తెల్లారేసరికి అంచు దాకా పొంగుతుంది కదా. అందులోని సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలని తిని ఆమ్లాన్నీ వాయువునీ వదిలాయి. గాలి చొరకుండా జరిగే ఈ పనిని కిణ్వనం అంటారు. పెద్దప్రేగు కూడా అటువంటి ఇడ్లీపిండి గిన్నే. అక్కడా వాయువు వస్తుంది. అది ఎలా బయటికి వస్తుందో మీకు చెప్పక్కర్లేదు, శనగలు తిన్న మర్నాడు క్లాసులో ఎవరు ఎవరివైపు చూస్తారో నాకు తెలుసు. నవ్వులాట సరే, అందులో పుట్టే హైడ్రోజన్ కొంత రక్తంలోకి ఇంకి, ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, మన శ్వాసలో కూడా బయటికి వస్తుంది. డాక్టర్లు రోగి ఊదిన గాలిలో హైడ్రోజన్ కొలిచి, కడుపులో కిణ్వనం ఎలా జరుగుతోందో చెప్పగలరు.

వాయువు కంటే ముఖ్యమైనవి ఆమ్లాలు. అసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ అని ముగ్గురన్నదమ్ములు. మొదటిది మనం వినిగర్ అని సీసాలో కొనేదే. మూడోది చెడిపోయిన వెన్న వాసన వేస్తుంది. వాసన మాట ఎలా ఉన్నా దాని పని మాత్రం గొప్పది. పెద్దప్రేగు లోపలి గోడలోని కణాలు తమకి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఈ బ్యూటిరిక్ ఆమ్లం నుంచే తీసుకుంటాయి. చూడండి తమాషా! ఒంట్లో మిగతా కణాలు ఎక్కువగా రక్తం తెచ్చిపెట్టే తిండి మీద బతుకుతుంటే, ఇవి మాత్రం పక్కింటివాళ్ళు వండిపెట్టింది తింటున్నాయి.

అంతటితో అయిపోలేదు. ప్రేగు గోడలో అక్కడక్కడా ‘ఎల్’ కణాలు అని కాపలావాళ్ళున్నారు. ఈ ఆమ్లాలు తగలగానే ఆ కణాలు రక్తంలోకి జి.ఎల్.పి.-1, పి.వై.వై. అనే హార్మోన్లను వదులుతాయి. “కింద బంతి నిండింది, ఇక చాలు” అని మెదడుకి కబురు వెళుతుంది. ఆకలి తగ్గుతుంది. క్లోమానికీ కబురు వెళ్ళి, తగిన సమయంలో ఇన్సులిన్ బయటికి వస్తుంది. ఈమధ్య మధుమేహానికీ స్థూలకాయానికీ ఇంజెక్షన్లుగా వస్తున్న సెమాగ్లూటైడ్ వంటి మందులు ఈ జి.ఎల్.పి.-1ని అనుకరించి చేసినవే. అయితే ఒక మాట. మన ప్రేగు వదిలే హార్మోను నిమిషాల్లో కరిగిపోతుంది, మందు వారం రోజులు నిలుస్తుంది. గోంగూర తిన్నవాడికి ఇంజెక్షను తీసుకున్నంత ఫలితం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు మన చీపురు ప్రశ్నకి జవాబు అందుతోంది కదా. పీచు ఊడ్చి వెళ్ళిపోవడం లేదు. లోపలివాళ్ళకి తిండి అవుతోంది, వాళ్ళు వండింది కబురుగా మారి మెదడుకీ క్లోమానికీ కాలేయానికీ వెళుతోంది.

సెయింట్ లూయిస్ ఎలుకలు

ఇది కథలా ఉంది, రుజువేది అని అడగాలి మీరు. అడగకపోతే సైన్సు చదివినట్టు కాదు.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ అనే శాస్త్రజ్ఞుడు చిట్టెలుకలని ప్లాస్టిక్ గుడారాల్లో పెంచాడు. వాటికి పుట్టుక నుంచీ ఒక్క సూక్ష్మజీవి కూడా తగలదు. గాలి వడకట్టిందే, తిండి శుద్ధి చేసిందే. ఇవి మామూలు ఎలుకల కంటే ఎక్కువ తింటాయి, అయినా బక్కగానే ఉంటాయి. 2004లో వీటికి మామూలు ఎలుకల ప్రేగులోని బాక్టీరియాలను ఎక్కించారు. రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు సగానికి పైగా పెరిగింది. తిన్నది మాత్రం ముందుకంటే తక్కువే!

ఇక్కడికి రాగానే మా కుర్రాడు మళ్ళీ లేచాడు. “మాస్టారూ, బాక్టీరియా వల్ల లావైతే, వాటికి పీచు పెట్టి మేపడం ఎందుకండీ? చంపెయ్యాలి గాని.”

మంచి ప్రశ్న. శాస్త్రజ్ఞులు కూడా ఇక్కడే కొన్నేళ్ళు తికమకపడ్డారు. లావుపాటి వాళ్ళ ప్రేగులో ఫలానా జాతి ఎక్కువ, ఫలానాది తక్కువ అని మొదట్లో ఒక సూత్రం చెప్పారు. మరికొన్ని దేశాల్లో చూస్తే ఆ సూత్రం నిలబడలేదు. అసలు సంగతి 2013లో అదే ప్రయోగశాలలో కొంత తేలింది. కవల అక్కచెల్లెళ్ళలో ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న జంటలను ఎంచుకున్నారు. ఇద్దరి బాక్టీరియాలనూ వేరు వేరు ఎలుకలకి ఇచ్చారు. లావుపాటి ఆమె బాక్టీరియా పొందిన ఎలుకలకి కొవ్వు పట్టింది. సన్నపాటి ఆమెవి పొందినవి సన్నగానే ఉన్నాయి. తర్వాత రెండు రకాల ఎలుకలనీ ఒకే బోనులో పెట్టారు. ఎలుకలకి ఒకదాని పెంటికలు ఒకటి తినే అలవాటుంది (మొహం అలా పెట్టకండి, ఆ అలవాటే ఈ ప్రయోగానికి ఆధారం). అలా సన్నపాటి వాటి బాక్టీరియాలు లావెక్కవలసిన వాటిలోకి వెళ్ళి స్థిరపడ్డాయి. వాటికి కొవ్వు పట్టడం ఆగింది.

అయితే ఇది అన్నివేళలా జరగలేదు. కొవ్వు తక్కువగా, పళ్ళూ కూరగాయల పీచు ఎక్కువగా ఉన్న తిండి పెట్టినప్పుడే జరిగింది. కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ తిండి పెడితే మంచి బాక్టీరియాలు వచ్చినా నిలబడలేదు. రెండో బంతిలో విస్తరి వేసి వడ్డించకపోతే ఎవరు కూర్చుంటారు?

“మరి బాక్టీరియా ఇచ్చే శక్తి మాటేమిటి?” అంటారా? ఇస్తాయి. కాని ఒక గ్రాము పిండి పదార్థం నాలుగు కిలోకాలరీలిస్తే, ఒక గ్రాము పీచు బాక్టీరియాల చేతుల మీదుగా సుమారు రెండే ఇస్తుంది. పైగా కడుపు నింపుతుంది, ఆకలి తగ్గిస్తుంది, చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. ఇచ్చేది అర్ధరూపాయి, మిగిల్చేది రూపాయి.

రెండో బంతికి ఏమీ మిగల్చకపోతే ఏమవుతుంది? దీన్ని 2016లో ఎరిక్ మార్టెన్స్, మహేశ్ దేశాయ్ బృందం చూసింది. శుద్ధమైన ఎలుకల్లో మనిషి ప్రేగులో ఉండే 14 జాతుల బాక్టీరియాలను పెంచి, తిండిలో పీచు పూర్తిగా ఆపేశారు. ఆకలేసిన బాక్టీరియాలు ప్రేగు గోడకి పూతగా ఉన్న జిగురుపొర మీద పడ్డాయి. ఆ జిగురులో కూడా చక్కెరలుంటాయి. పొర పలచబడింది. వంటచెరకు లేనివాడు ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నట్టయింది. అప్పుడు ఒక రోగకారక బాక్టీరియాను వదిలితే సులభంగా గోడని చేరిపోయింది.

కొవ్వు ఎక్కువ తిండి తిన్న ఎలుకల్లో బాక్టీరియాల పైపెంకు ముక్కలు ప్రేగు గోడ దాటి రక్తంలోకి జారతాయని బెల్జియంకి చెందిన పాట్రిస్ కానీ 2007లోనే చూపించాడు. ఒళ్ళు వాటిని శత్రువులనుకుని సన్నని యుద్ధం మొదలుపెడుతుంది. జ్వరం రాదు, నొప్పి ఉండదు. ఉప్పుమూటలా లోపల్లోపలే చెమ్మ. ఈ గొడవలో కండరాలకీ కాలేయానికీ ఇన్సులిన్ మాట సరిగా వినపడదు. చక్కెర కణంలోకి వెళ్ళక రక్తంలోనే తిరుగుతుంది. నా జేబులోని కాగితం మీద పడిన అంకె అలాంటి చెవుడు నుంచే పుడుతుంది. మనుషుల్లో ఈ కథ ఎంతవరకు ఎలుకల కథలాగే నడుస్తుందో ఇంకా తేలుస్తున్నారు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో నాకు బాగా నచ్చినది 2015 నాటిది. పిట్స్‌బర్గ్‌కి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ ఇరవై మంది ఆఫ్రికన్ అమెరికన్లనీ, ఇరవై మంది దక్షిణాఫ్రికా పల్లెవాసులనీ తీసుకున్నాడు. రెండు వారాలు వాళ్ళ తిండి వీళ్ళకీ, వీళ్ళ తిండి వాళ్ళకీ పెట్టాడు. అమెరికా వాళ్ళ పీచు రోజుకి 14 గ్రాముల నుంచి 55కి పెరిగింది. పల్లెవాళ్ళది 66 నుంచి 12కి పడిపోయింది. రెండే వారాల్లో అమెరికా వాళ్ళ ప్రేగులో బ్యూటిరిక్ ఆమ్లం రెట్టింపు దాటింది. పల్లెవాళ్ళలో సగమైంది. అంటే లోపలి వంట రెండు వారాల్లో మారుతుంది. మంచికీ, చెడుకీ కూడా.

మన సర్కారు జిల్లాల సంగతి

ఇదంతా ఎక్కడో అమెరికా, ఆఫ్రికా అనుకోకండి. ధాన్యం పైపొర తీసేస్తే ఏమవుతుందో మొట్టమొదట బాధపడి తెలుసుకున్న ప్రాంతాల్లో మనదీ ఒకటి. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరాన్ని ఒకప్పుడు ఉత్తర సర్కారులు అనేవారు. మన యలమంచిలి అందులోదే. బియ్యం మిల్లులు వచ్చాక పాలిష్ పట్టిన తెల్లని పచ్చి బియ్యం తినే ఈ జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపులు, చివరికి గుండె ఆగిపోవడం. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు అంతగా లేదు. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టి పరిశోధన మొదలుపెట్టాడు. దాని పేరే బెరిబెరి ఎంక్వయిరీ. తవుడుతోపాటు ‘బి1’ విటమిన్ పోవడమే జబ్బుకి కారణం. ఆ చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి తరలి వచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

తవుడులో విటమినుందని అప్పుడు తెలిసింది. అదే తవుడులో రెండో బంతివాళ్ళ భోజనం కూడా ఉందని తెలియడానికి మరో డెబ్బై ఎనభై ఏళ్ళు పట్టింది. విటమిన్ బిళ్ళలు వచ్చాయి, బెరిబెరి తగ్గింది. పీచు మాత్రం మిల్లులోనే ఉండిపోయింది.

మా చిన్నప్పుడు ఇంట్లో రోజూ వరన్నం ఉండేది కాదు. పొద్దున్న చోడంబలి. (రాగులని మా వైపు చోళ్ళు అంటాం. సజ్జలని గంటెలంటాం.) మా మామ్మ చోడిపిండి రాత్రి నీళ్ళలో కలిపి పులియబెట్టి, పొద్దున్న కాచి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకోమనేది. మధ్యాహ్నం గంటెన్నం. ఉలవచారు. తెల్లన్నం పండగకీ, చుట్టాలకీ. ఆ తెల్లన్నం కోసం నేను ఏడ్చిన ఏడుపు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకాన్ని తప్పుపట్టడం ఆకలి తెలియనివాళ్ళకి తేలిక. అది ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. అయితే దానితోపాటు చోళ్ళూ గంటెలూ కంచంలోంచి తప్పుకున్నాయి. లెక్క చూడండి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు. చోళ్ళలో సుమారు 11. గంటెల్లోనూ అంతే. జొన్నల్లో పది. చోడిగింజ చాలా చిన్నది, తొక్క గింజకి అతుక్కుని ఉంటుంది. మిల్లువాడు పాలిష్ పట్టాలన్నా సులభంగా పట్టలేడు! రోజుకి మూడు వందల గ్రాముల తెల్లబియ్యం తినేవాడికి వాటినుంచి వచ్చే పీచు ఎనిమిది గ్రాములు. అందులో సగం తీసి చోళ్ళు పెడితే ఇరవై దాటుతుంది.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో మూడోవంతు కంటే ఎక్కువమంది బరువు ఎక్కువగా ఉన్నారని తేలింది. దీనికంతటికీ బియ్యమే కారణమనడం తప్పు. పొలం పని తగ్గింది, నూనె పెరిగింది, చక్కెర పెరిగింది, నిద్ర తగ్గింది. కొందరికి లావు తల్లిదండ్రుల నుంచి జన్యువుల్లో వస్తుంది. అందుకే క్లాసులో లావుగా ఉన్న పిల్లవాణ్ణి చూసి పేరు పెట్టి పిలిచేవాడంటే నాకు ఒళ్ళు మంట. కాని పీచు కరువు కూడా ఈ కారణాల్లో ఒకటి, మన చేతిలో ఉన్న కారణం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, జాతీయ పోషకాహార సంస్థవారు తదితరులు కలిసి 2021లో చిరుధాన్యాల మీద జరిగిన అధ్యయనాలను పోగుచేసి చూశారు. వాటిని తిన్నవారిలో పరగడుపు చక్కెర సగటున 12 శాతం, భోజనం తర్వాతి చక్కెర 15 శాతం తక్కువగా కనిపించాయి.

ఇంకో పాతకాలపు తిండి చద్దన్నం. దానిమీద ఈమధ్య ఎక్కడలేని ప్రేమ పుట్టింది, కాబట్టి కాస్త లెక్క వేద్దాం. వేడన్నంలోని పిండి పదార్థపు దండలు చిందరవందరగా ఉంటాయి. చల్లారితే అవి దగ్గరకి జరిగి గట్టిగా పేర్చుకుంటాయి. అప్పుడు మన ఎంజైమ్‌కి ముడి దొరకదు. అలా అరగని పిండి పదార్థం పెద్దప్రేగుకి వెళుతుంది. 2024లో షాంఘై శాస్త్రజ్ఞులు బరువెక్కువున్న 37 మందికి ఇటువంటి అరగని పిండి పదార్థం రోజుకి 40 గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చారు. సగటున 2.8 కిలోలు తగ్గారు. వాళ్ళ ప్రేగులో ఒక మంచి బాక్టీరియా పెరిగింది. బాగుంది. మరి చద్దన్నంలో అది ఎంతుంటుంది? ఇండొనేషియాలో కొలిచారు. వంద గ్రాముల వేడన్నంలో 0.64 గ్రాములు. పది గంటలు చల్లారాక 1.3. రెట్టింపయింది, నిజమే. కాని 40 గ్రాములు రావాలంటే రోజుకి మూడు కిలోల చద్దన్నం తినాలి! తిన్నవాడు సన్నబడతాడా? చద్దన్నం మంచిదే, తరవాణీ మంచిదే. మందు అని మాత్రం పేరు పెట్టకండి. ఇంకో జాగ్రత్త. నీళ్ళూ మజ్జిగా పోసి పులియబెట్టిన అన్నం వేరు, ఎండాకాలంలో బయట వదిలేసిన బిర్యానీ వేరు. రెండోది తింటే ఆస్పత్రికి వెళ్ళాల్సి రావచ్చు.

షాంఘై అంటే గుర్తొచ్చింది. అక్కడి జావో లిపింగ్ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు తానే లావుగా ఉండేవాడు. ముడిధాన్యాలతో పాటు పెండలం, కాకరకాయ తింటూ రెండేళ్ళలో ఇరవై కిలోలు తగ్గి, ఆ మధ్యలో తన ప్రేగులోని బాక్టీరియాలు ఎలా మారుతున్నాయో తానే లెక్క రాసుకున్నాడు. తర్వాత 2018లో మధుమేహ రోగుల మీద సరైన పరీక్ష జరిపి, పీచు ఎక్కువ తిన్న గుంపులో చక్కెర బాగా అదుపులోకి వచ్చిందని చూపించాడు. కాకరకాయ కూర వద్దని అలిగే నా విద్యార్థులకి ఈ కథ చెప్పాను. ఫలితం శూన్యం.

నా సంగతి కూడా చెప్పాలి కదా. పొద్దున్న ఇడ్లీ మాని చోడంబలికి తిరిగొచ్చాను. రాత్రి ఉలవలో, శనగలో. ఒక్కసారిగా పెంచడం నేను చేసిన తప్పు. మొదటి వారం స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. లోపలివాళ్ళకి కొత్త తిండి అలవాటు కావడానికి సమయమివ్వాలి, నీళ్ళు బాగా తాగాలి. తర్వాత సర్దుకుంది. ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గాను. చక్కెర హద్దులోపలికి వచ్చింది. కాని అదే ఏడాది సాయంత్రం నడక మొదలుపెట్టాను, టీలో చక్కెర మానేశాను. మూడు పనులూ ఒకేసారి చేస్తే ఏది ఎంత పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ప్రయోగంలో ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలని మీకు పాఠం చెప్పేది నేనే!

మా బళ్ళో మధ్యాహ్న భోజనంతో పాటు రాగిజావ ఇవ్వడం 2023 మార్చిలో మొదలైంది. మొన్న మా వెనక బెంచీ కుర్రాడితో కలిసి బల్ల మీద లెక్క వేశాం. గ్లాసుడు జావలో ఇరవై గ్రాముల పిండి పట్టిందనుకుంటే పీచు రెండు గ్రాముల పైచిలుకు. రోజుకి రెండువేల కిలోకాలరీలు తినేవాళ్ళకి కావలసింది 30 గ్రాములు.

“మిగతా ఇరవై ఎనిమిదీ ఎక్కణ్ణుంచండీ?” అన్నాడు.

నల్లబల్ల మీద రాశాను. మునగాకు వంద గ్రాముల్లో ఎనిమిది. జామకాయలో ఎనిమిదిన్నర. కందిపప్పులో తొమ్మిది. పొట్టుతో ఉన్న శనగల్లో పాతిక. జామకాయ దగ్గర వాడి మొహం వెలిగింది. వాళ్ళ పెరట్లో చెట్టుందట. గింజలతో తినాలా, తీసేసి తినాలా అని అడుగుతుండగా గంట కొట్టేశారు.